జెర్రికి సరిగ్గా వంద కాళ్లు ఎందుకుండవు?

వానాకాలంలో రాళ్ల కింద, పెంకుల సందుల్లో కనిపించే పెద్ద జెర్రికి కాళ్లు లెక్కపెడితే 21 జతలు తేలతాయి. దాని దగ్గరి చుట్టాల్లో కొన్నింటికి 23 జతలు. సన్నని పొడవాటి కాళ్లతో గోడ మీద మెరుపులా పరుగుతీసి బొద్దింకల్ని పట్టే ఇంటి జెర్రికి 15 జతలే. బయటికి రాకుండా మట్టిలోనే బతికే సన్నరకం జెర్రులకు 27 జతల నుంచి 191 జతల దాకా ఉంటాయి.

15, 21, 23, 27, 191. అన్నీ బేసి సంఖ్యలే! ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు వర్ణించిన జెర్రి జాతులు సుమారు 3,300. పుట్టుకలో ఏదో తేడా జరిగిన ఒకటీ అరా తప్పిస్తే, వాటిలో దేన్ని తీసుకున్నా కాళ్ల జతలు బేసిగానే ఉంటాయి. వంద కాళ్లుండాలంటే 50 జతలు కావాలి. 50 సరిసంఖ్య. కాబట్టి 98 కాళ్ల జెర్రి ఉండవచ్చు, 102 కాళ్ల జెర్రి ఉండవచ్చు, వంద కాళ్ల జెర్రి మాత్రం ఉండదు.

ఎందుకిలా? 21 జతలతో పరుగెత్తే జెర్రికి 22 ఉంటే పరుగు తగ్గుతుందా, వేట తప్పుతుందా? అలా జరగడానికి కారణమేమీ కనిపించదు. సరిసంఖ్య వల్ల బతుకుకు నష్టం లేదంటే, దాన్ని అడ్డుకుంటున్నది బతికే తీరు కాదు, శరీరం తయారయ్యే తీరే కావాలి. కాళ్ల లెక్క చూసినప్పుడల్లా ఈ రెండింటినీ విడదీసి అడగాలి: ఇది బతుకుతెరువు నేర్పిన లెక్కా, పుట్టుకతో వచ్చిన లెక్కా?

గుడ్డులోనే తేలే లెక్క

జవాబు బ్రిటన్ సముద్రతీరంలో గులకరాళ్ల కింద బతికే స్ట్రిగామియా మారిటిమా అనే జెర్రి గుడ్లలో దొరికింది. దీనికి కళ్లు లేవు. కాళ్లు యాభై జతలకు అటూ ఇటూగా ఉంటాయి. ఏరియల్ చిప్‌మన్, వాలెస్ ఆర్థర్, మైకేల్ ఏకమ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీని పిండం ఎదిగే క్రమాన్ని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు.

జెర్రి ఒళ్లంతా ఖండాలు ఖండాలుగా ఉంటుంది. ఒక్కో ఖండానికి ఒక్కో జత కాళ్లు. పిండంలో ఈ ఖండాలు ముందు నుంచి వెనక్కి వరసగా ఏర్పడతాయి. ఎక్కడ ఖండం రావాలో చెప్పే జన్యువులు పిండం పొడవునా చారలుగా మేల్కొంటాయి. ఖండానికొక చార చొప్పున మొదటి నుంచీ వస్తాయని ఎవరైనా అనుకుంటారు. కానీ స్ట్రిగామియా పిండంలో తొలి చారలు రెండు ఖండాలకు ఒకటి చొప్పునే వచ్చాయి. ఆ తరవాతే రెండు చారల నడుమ మరో చార మేల్కొని, ఆ జంటను రెండు విడి ఖండాలుగా చీల్చింది.

మల్లెపూల మాల కట్టేవాళ్లు పువ్వు పువ్వుకీ ముడి వెయ్యరు. రెండేసి పూలు జతపరిచి ఒక ముడి వేస్తారు. ఆ మాల ఎంత పొడుగు కట్టినా, ఎక్కడ ఆపినా పూలు సరిసంఖ్యలోనే ఉంటాయి. జెర్రి పిండంలో ఖండాలు పేరుకునేదీ ఈ పద్ధతిలోనే.

మరి అలాగైతే కాళ్ల జతలు సరిసంఖ్య కావాలి కదా, బేసి ఎలా అయ్యాయి? తలను ఆనుకుని ఉన్న మొదటి ఖండం కాళ్లు నడకకు పనికిరావు. అవి విషపు కొండీలుగా మారిపోయాయి. ఆ ఖండాన్ని కూడా కలుపుకుంటే మొత్తం సరిసంఖ్య. దాన్ని పక్కనపెట్టి నడిచే కాళ్లనే లెక్కిస్తాం గనక ఒకటి తగ్గి బేసి మిగులుతుంది. ఈ జెర్రి పిండాన్ని చూసినవాళ్లు ఇచ్చిన వివరణ ఇది.

స్ట్రిగామియాలో మరో సంగతి దీన్ని బలపరుస్తుంది. బ్రిటన్ తీరం వెంట ఉత్తరాదికి, అంటే చలి వైపుకి వెళ్లేకొద్దీ ఈ జెర్రులకు కాళ్ల జతలు తగ్గుతాయి. ప్రయోగశాలలో గుడ్లను కొంచెం వెచ్చగా ఉంచితే పెరుగుతాయి. ఆడవాటికి మగవాటి కంటే ఎక్కువ. ఇన్ని రకాలుగా మారే లెక్కే అయినా, మారినప్పుడల్లా రెండేసి జతల చొప్పునే మారుతుంది. 47 నుంచి 49కి వెళ్తుంది, 48 దగ్గర ఆగదు.

ఇంతకంటే పెద్ద గంతు బ్రెజిల్‌లో కనిపించింది. అక్కడి స్కోలోపెండ్రాప్సిస్ అనే జెర్రుల ప్రజాతిలో ఒక జాతికి అందరిలాగే 21 లేదా 23 జతలు. 2008లో వర్ణించిన దాని తోబుట్టువు జాతికి 39 లేదా 43. నడుమ సంఖ్యలేవీ లేవు. కొద్దికొద్దిగా కాళ్లు పెరుగుతూ 39కి చేరిన ఆనవాళ్లు లేవు. ఖండాలు పుట్టే క్రమంలో ఏదో ఒక దశ రెండోసారి నడిచినట్టుగా లెక్క దాదాపు రెట్టింపైంది. పరిణామం ఎప్పుడూ చిన్న చిన్న అడుగులే వేస్తుందన్న నమ్మకాన్ని ఈ జెర్రి గట్టిగా ప్రశ్నిస్తుంది.

రోకలిబండ లెక్క వేరు

రోకలిబండ దగ్గరికి వస్తే ప్రశ్న మారుతుంది. దాని ఒంటి మీద కనిపించే ఒక్కో కట్టుకు కాళ్లు రెండేసి జతలు. పిండంలో రెండు ఖండాలుగా మొదలైనవి ఒకే గట్టి కట్టుగా కలిసిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. అన్ని కట్లూ అలా ఉండవు. తల వెనక మొదటి కట్టుకు కాళ్లే లేవు, తరవాతి మూడింటికి ఒక్కో జత. అక్కడి నుంచి రెండేసి.

ఇది మాత్రం బతుకుతెరువు నేర్పిన లెక్కే. రోకలిబండ వేటాడదు. రాలిన ఆకులు, కుళ్లిన కలప దాని తిండి. ఆ తిండి కోసం మట్టినీ ఆకుల పొరనీ తలతో తోసుకుంటూ లోపలికి వెళ్లాలి. ఒక్కో కాలు తోపు కొంచెమే. కాళ్లు ఎన్ని ఎక్కువైతే మొత్తం తోపు అంత ఎక్కువ. అయితే కాళ్లు పెరగాలంటే ఒళ్లు పొడవు కావాలి, పొడవైన ఒంటికి కీళ్లు ఎక్కువైతే వెనక నుంచి తోసినప్పుడు మధ్యలో వంగిపోతుంది. రెండేసి ఖండాలు ఒక్కటైతే కాళ్లు అన్నే ఉంటాయి, కీళ్లు సగమవుతాయి. కట్లకు సున్నపు ధాతువుతో వచ్చిన గట్టిదనం దీనికి తోడు. ఇన్ని కాళ్ల జీవుల నడకను దశాబ్దాల పాటు పరిశీలించిన బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త సిడ్నీ మాంటన్ ఈ సంగతిని విడమరిచి చెప్పారు. జెర్రిది పరుగు కోసం ఏర్పడ్డ శరీరం, రోకలిబండది తోపు కోసం.

గుడ్డులోంచి వచ్చిన రోకలిబండ పిల్లకు మామూలుగా మూడే జతల కాళ్లుంటాయి. ఆ దశలో చూస్తే ఆరుకాళ్ల పురుగనే అనుకుంటాం. పొర విడిచిన ప్రతిసారీ తోక దగ్గర కొత్త కట్లు, వాటికి కొత్త కాళ్లు చేరతాయి. కొన్ని జాతులు పెద్దయ్యాక కూడా ఈ పని ఆపవు. అందుకే ఒకే జాతిలో రెండు రోకలిబండల కాళ్ల లెక్క కలవకపోవచ్చు.

ఈ పెరుగుదల ఎంతదూరం పోతుందో 2021లో తెలిసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ప్రాంతంలో ఖనిజాల కోసం తవ్విన బోరు రంధ్రంలో, భూమికి 60 మీటర్ల లోతున ఒక రోకలిబండ దొరికింది. దానికి 330 కట్లు, 1,306 కాళ్లు. పొడవు పది సెంటీమీటర్ల లోపు, మందం ఒక మిల్లీమీటరు లోపు. రంగు లేదు, కళ్లు లేవు. పాల్ మారెక్ బృందం దానికి యూమిల్లిపెస్ పెర్సెఫోనె అని పేరు పెట్టింది. వెయ్యి కాళ్లు దాటిన మొదటి జీవి ఇదే. అంతకుముందు రికార్డు కాలిఫోర్నియాలో దొరికే మరో రోకలిబండది: 750. సన్నని రాతి పగుళ్లలో దారి చేసుకుంటూ బతికే జీవికి అన్ని కాళ్ల తోపు అవసరమే.

ఒక కాలు విరిగితే లెక్కా?

వెయ్యికాళ్ల జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా అంటారు మనవాళ్లు. అమెరికాలో జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలోని డేనియల్ గోల్డ్‌మన్ బృందం దాదాపు ఇదే ప్రశ్నతో రోబోలు తయారు చేసింది. రెండు, నాలుగు కాళ్ల రోబో ఎగుడుదిగుడు నేల మీద నడవాలంటే అడుగడుగునా నేలను గమనించాలి, లెక్క కట్టాలి, సర్దుకోవాలి. జెర్రి నమూనాలో కాళ్ల జతలు పెంచుకుంటూ పోతే ఆ గమనింపులేవీ లేకుండానే రోబో గరుకు నేలను దాటుకుపోయిందని ఆ బృందం 2023లో చూపించింది. కొన్ని కాళ్లు గుంటలో పడి గాలిలో తేలినా మిగిలినవి పని నడిపిస్తాయి. శబ్దాల గోలలో సందేశం చేరాలంటే అదే మాటను పదేపదే చెబుతాం. ఆ సమాచార సిద్ధాంతాన్నే వాళ్లు కాళ్లకు అన్వయించారు. పొలాల్లో, శిథిలాల్లో తిరిగే యంత్రాలకు ఇది దారి చూపుతోంది.

అన్ని కాళ్లు ఒకదానికొకటి తగులుకోకుండా ఎలా కదులుతాయో మన పెరట్లోనే చూడవచ్చు. రోకలిబండ నడుస్తున్నప్పుడు పక్క నుంచి గమనిస్తే కాళ్ల వరసలో అలలు తోక నుంచి తల వైపు పోతుంటాయి. పెద్ద జెర్రిలో అలలు తల నుంచి తోక వైపు వస్తాయి. ముందుకాలు మోపిన చోటికే వెనకకాలు వచ్చి చేరుతుంది గనక ఒక్కసారి మంచి పట్టు దొరికితే అది వెనకున్న అన్ని కాళ్లకూ దొరికినట్టే.

నడవని కాళ్లు

జెర్రి కుట్టేది నోటితో కాదు, తోకతో కాదు. పైన చెప్పిన మొదటి జత కాళ్లతో. ఇంకే జీవిలోనూ నడకకాళ్లు ఇలా విషపు సూదులుగా మారలేదు. చివరి జత కాళ్లు కూడా నడవవు. వాటితో వెనకవైపు తడుముకుంటుంది, శత్రువును బెదిరిస్తుంది, వేటను పట్టుకుంటుంది. మగ రోకలిబండల్లో చాలావాటికి ఏడో కట్టు మీది కాళ్లు సంపర్కానికి పనికొచ్చే అవయవాలుగా మారాయి. వాటి ఆకారం జాతి జాతికీ వేరు. పైకి ఒకేలా కనిపించే రెండు రోకలిబండలు ఏ జాతివో తేల్చాలంటే నిపుణులు ముందుగా చూసేది వాటినే.

జెర్రి విషం పనిచేసే తీరు 2018లో చైనా శాస్త్రవేత్తల పరిశోధనతో బాగా తెలిసింది. అక్కడి బంగారు తల జెర్రి బరువు మూడు గ్రాములు. తనకంటే 15 రెట్లు బరువున్న ఎలుకను అది అర నిమిషంలో పడగొట్టింది. దాని విషంలోని ఒక చిన్న ప్రొటీను, కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే ఒక రకం ద్వారాలను మూసేస్తుంది. నరాలు, గుండె, రక్తనాళాలు ఒక ఉత్తేజం తరవాత మళ్లీ నెమ్మదించడానికి ఆ ద్వారాలే ఆధారం. అవి మూసుకుంటే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె తడబడుతుంది, ఊపిరి అందదు. ఒకే దెబ్బకు ఇన్ని వ్యవస్థలు కూలతాయి గనకే అంత చిన్న ప్రాణి అంత పెద్ద వేటను పట్టగలుగుతోంది. అవే ద్వారాలను తెరిచే, మూర్ఛవ్యాధికి ఒకప్పుడు వాడిన మందు రెటిగబిన్, ఈ విషానికి విరుగుడుగా జంతువుల్లో పనిచేసిందని కూడా ఆ బృందం చూపింది.

ఇంత క్రూరమైన వేటగత్తె తల్లిగా వేరే ప్రాణి. పెద్ద జెర్రి గుడ్లు పెట్టాక వాటి చుట్టూ ఒళ్లు చుట్టుకుని, నేలకు తగలకుండా కాళ్ల మధ్య పట్టుకుంటుంది. బూజు పట్టకుండా వాటిని నాకుతూ, పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చి కొంత బలం పుంజుకునేదాకా కదలకుండా కాపు కాస్తుంది. నాకైతే ఈ జీవుల్లో అన్నిటికంటే గొప్పగా అనిపించే దృశ్యం ఇదే.

> జెర్రి కుడితే
> నొప్పి, వాపు, మంట చాలా ఎక్కువగా ఉంటాయి కానీ మనుషుల ప్రాణం పోవడం చాలా అరుదు. కుట్టిన చోటును సబ్బునీళ్లతో కడగాలి. చర్మం కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చెయ్యకూడదు. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, కుట్టింది పసిపిల్లలనైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పారిపోలేని జీవి ఆయుధం

రోకలిబండ కుట్టదు, కరవదు, పరుగెత్తలేదు. ముట్టుకుంటే చుట్టుకుంటుంది. ఆ చుట్ట లోపల మెత్తని పొట్ట, కాళ్లు భద్రం. అది చాలకపోతే రసాయనం వదులుతుంది. మన ఇళ్ల దగ్గర కనిపించే గుండ్రని రోకలిబండలు వదిలేవి క్వినోన్‌లు. వేళ్లకు గోధుమరంగు మరక పడుతుంది. ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మంటెత్తుతుంది.

బల్లపరుపుగా ఉండే మరో రకానిది ఇంకా తీవ్రమైన ఆయుధం. వాటి గ్రంథికి రెండు గదులుంటాయి. ఒకదానిలో ముడిపదార్థం, రెండోదానిలో దాన్ని విడగొట్టే ఎంజైము. ఆపద వచ్చినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడు పుడుతుంది, దాంతోపాటే బాదం వాసన. అవసరం వచ్చేదాకా విషాన్ని విషంగా దాచుకోదన్నమాట.

యూరప్‌లో ఉండలా చుట్టుకునే గ్లోమెరిస్ అనే రోకలిబండది ఇంకో దారి. దాన్ని తిన్న సాలీడు మత్తులో పడిపోతుంది. అందుకు కారణమైన గ్లోమెరిన్, మెథక్వలోన్ అనే నిద్రమందు ఒకే క్వినజోలినోన్ కుటుంబానికి చెందినవి. మెథక్వలోన్‌ను 1951లో తొలిసారి తయారుచేసింది మనదేశంలోనే, ఇంద్ర కిషోర్ కక్కర్, సయ్యద్ హుసేన్ జహీర్. ఆ జహీర్ ఆ రోజుల్లో హైదరాబాదులో, ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)గా మనకు తెలిసిన ప్రయోగశాలకు అధిపతి. పరీక్షనాళికలో రసాయన శాస్త్రవేత్తలు చేరుకున్న అణువుల కుటుంబంలోకి ఆకుల కింద బతికే ఒక ప్రాణి ఎప్పుడో చేరుకుంది.

ఈ ఆయుధాలు ఇతరులకూ ఉపయోగపడుతున్నాయి. వెనిజులాలో కాపుచిన్ కోతులు రోకలిబండల్ని పట్టి ఒళ్లంతా రుద్దుకుంటాయి. ఆ క్వినోన్‌ల వాసనకు దోమలు దూరంగా పోతాయి.

తొలకరికే ఎందుకు?

ఆరుద్ర పురుగులు నేల మీదికి వచ్చే రోజుల్లోనే గోడల మీద రోకలిబండలు, గుమ్మాల దగ్గర జెర్రులు కనిపిస్తాయి. ఎండాకాలమంతా ఎక్కడున్నాయి? మట్టి లోతుల్లో, దుంగల కింద, తేమ మిగిలిన చోట. వాటి కష్టమంతా నీటితోనే. పురుగుల ఒంటి మీద నీరు ఆవిరి కాకుండా ఆపే మైనపు పొర ఉంటుంది. జెర్రులకు, రోకలిబండలకు అది సరిగా లేదు. పురుగులు ఊపిరి రంధ్రాలను అవసరం లేనప్పుడు మూసుకోగలవు. చాలా జెర్రులు మూసుకోలేవు. ఊపిరి తీసిన ప్రతిసారీ నీరు పోతూనే ఉంటుంది. పొడిగాలిలో అవి త్వరగా ఎండి చచ్చిపోతాయి. అందుకే రాత్రులు, అందుకే వానాకాలం. ముసురు మరీ ఎక్కువై నేలలో నీళ్లు నిలిస్తే లోపల ఊపిరాడక ఎత్తైన చోటికి ఎక్కుతాయి. మన గోడ వాటికి అప్పుడు గట్టు.

జపాన్‌లో ఒక రోకలిబండ ఎనిమిదేళ్లకోసారి గుంపులు గుంపులుగా బయటికి వస్తుంది. 1920లో ఆ గుంపులు రైలు పట్టాలను కప్పేసి, నలిగిన శరీరాలతో చక్రాలు జారిపోయి రైళ్లు ఆగిపోయాయి. దాన్ని అక్కడ రైలు రోకలిబండ అనే పిలుస్తారు. గుడ్డు నుంచి పెద్దది కావడానికి కచ్చితంగా ఎనిమిదేళ్లు పడుతుందని దశాబ్దాల గమనింపు తరవాత 2021లో వెలువడిన పరిశోధన చెప్పింది.

చుట్టాలెవరు?

బొద్దింకకు జెర్రి దగ్గరా, రొయ్య దగ్గరా అని అడిగితే చాలామంది జెర్రి అంటారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అదే అనుకున్నారు. జన్యువుల్ని పోల్చి చూశాక లెక్క తిరగబడింది. పురుగులకు దగ్గరి చుట్టాలు రొయ్యలు, పీతలు. జెర్రులు, రోకలిబండలు వాటికి కొంచెం దూరపు దాయాదులు. వీటితో పాటు ఈ కుటుంబంలో ఇంకో రెండు శాఖలున్నాయి. పన్నెండు జతల కాళ్లతో తెల్లగా, ఒక సెంటీమీటరు లోపు ఉండే సింఫైలాలు మొక్కల వేళ్లను కొరుకుతాయి. పౌరోపోడులు రెండు మిల్లీమీటర్లు కూడా దాటవు. మన కాళ్ల కింది మట్టిలోనే ఉన్నా కంటికి ఆనవు.

నేల మీద గాలి పీల్చిన తొలి జంతువుల ఆనవాళ్లలో ఒకటి రోకలిబండదే. స్కాట్లండ్‌లోని స్టోన్‌హేవెన్ తీరంలో మైక్ న్యూమన్ అనే బస్సు డ్రైవరు దాన్ని కనిపెట్టారు. శిలాజాలు వెతకడం ఆయన అభిరుచి. 40 కోట్ల ఏళ్లు దాటిన ఆ చిన్న తునక మీద ఊపిరి రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి. 2004లో దానికి న్యుమోడెస్మస్ న్యూమని అని ఆయన పేరే పెట్టారు.

ఆ తరవాత వచ్చిన ఆర్థ్రోప్లూరా, ఈ వంశంలో అన్నిటికంటే పెద్దది. ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ తీరంలో 2018లో కొండచరియ నుంచి విరిగిపడ్డ రాయిలో దొరికిన తునకను బట్టి దాని పొడవు రెండున్నర మీటర్ల పైన, బరువు సుమారు 50 కిలోలు అని అంచనా వేశారు. గాలిలో ప్రాణవాయువు బాగా పెరగడం వల్లే అంత పెరిగిందని చాలాకాలం అనుకున్నారు. ఈ శిలాజం వయసు సుమారు 32 కోట్ల 60 లక్షల ఏళ్లు, అంటే ప్రాణవాయువు ఆ స్థాయికి చేరకముందుది. కాబట్టి ఆ ఒక్క కారణం చాలదు. ఒళ్లు రోకలిబండలా ఉన్నా దాని తల ఎలా ఉండేదో శతాబ్దానికి పైగా తెలియలేదు. ఫ్రాన్స్‌లో దొరికిన పిల్ల ఆర్థ్రోప్లూరాలను ఎక్స్‌రేలతో పరిశీలించి 2024లో తలను చూడగలిగారు. దానిలో జెర్రి పోలికలు కూడా ఉన్నాయి. జెర్రి, రోకలిబండ దగ్గరి తోబుట్టువులని జన్యువులు చెబుతున్న మాటకు రాయిలోంచి సాక్ష్యం దొరికింది.

ఆ కాలం నుంచి ఈ రోజు దాకా రోకలిబండలు చేస్తున్న పని ఒకటే: రాలినదాన్ని మట్టిగా మార్చడం. నమిలి మింగిన ఆకులో అవి ఒంటబట్టించుకునేది కొంతే. మిగిలింది చిన్న చిన్న ఉండలుగా బయటికి వస్తుంది. తేమ పట్టుకునే ఆ ఉండల్లో సూక్ష్మజీవులు వేగంగా పెరిగి మిగతా పని పూర్తిచేస్తాయి. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా ఈ పనిని తోటల్లోకి తెచ్చింది. వానపాములకు బదులు రోకలిబండలతో తయారుచేసే ఆ ఎరువుకు అక్కడ గొంగోకంపోస్టో అని పేరు. వానపాములు సులువుగా ముట్టని ఎండు పుల్లలు, ముదురు ఆకులు కూడా వీటికి పనికొస్తాయి. వాళ్లు పెంచిన జాతుల్లో ఒకటి ఇటుకరంగు ట్రిగోనియులస్ కొరాలినస్. అది మనదేశంలోనూ ఉంది. వానలు మొదలయ్యాక ఇటుకరంగు రోకలిబండ గోడ మీద కనిపిస్తే ఉప్పు చల్లకుండా, పుల్లతో ఎత్తి మొక్క మొదట్లో ఆకుల కింద వదిలితే సరిపోతుంది. అది చెయ్యాల్సిన పని అక్కడే ఉంది.